‘ఈవీ కదా సార్, అంతే!’

నా ఈవీ, అంటే కరెంటు కారు, నా దగ్గరున్న మూడేళ్ళలో సర్వీసువాళ్ళ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పార్టు ఇంకా రాలేదేంటయ్యా అంటే, ఈవీ కదా సార్, అంతే. రాత్రి 41 పర్సెంట్ చూసి పడుకున్నాను, పొద్దున లేచేసరికి 33 ఎలా అయ్యిందయ్యా అంటే, ఈవీ కదా సార్. ఛార్జింగ్ మధ్యలో ఆగిపోతోందంటే మళ్ళీ అదే. చివరికి అది నా నోటికే పట్టేసింది. ఒకరోజు మా ఆవిడ ఎండలో కారెక్కి ‘ఇది చల్లబడటానికి ఇంకెంతసేపండీ’ అంటే నేను కూడా ‘ఈవీ కదా, అంతే’ అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, అద్దం దించుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

2025 సెప్టెంబర్‌లో ఆ కారు వదిలించుకుని ఇంకో కంపెనీ కారు తీసుకున్నాను. ఇదీ ఈవీనే. మహాలయ పక్షాల్లో బండి ఇంటికి తేవద్దని అమ్మ తెనాలి నుంచి ఫోన్లో పట్టుబట్టింది కాబట్టి అమావాస్య దాటాక, పాడ్యమి నాడు, 22న డెలివరీ. చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది కూడా సరిగ్గా ఆ రోజునే. మా బావకి ఇంతకన్నా ఏం కావాలి! ‘ఊరంతా పెట్రోల్ కార్లు చవకయ్యాయని క్యూ కడుతుంటే వీడు ఒకసారి కాలిన చేతినే మళ్ళీ పొయ్యిలో పెడుతున్నాడు’ అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఈవీల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచీ 5 శాతమే, తెలంగాణలో రోడ్ టాక్స్ కూడా 2026 చివరిదాకా మాఫీ అని నేను లెక్కలు పెట్టాను కానీ, అసలు సమాధానం అది కాదు. నాకు కాలింది కరెంటు వల్ల కాదు. ఆ సంగతి తెలియడానికే మూడేళ్ళు పట్టింది, అదే ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీల పేర్లు రాయను. బావ ఒక కంపెనీ భక్తుడు, ఆఫీసులో పక్క సీటాయన ఇంకో కంపెనీ భక్తుడు. పండగలకి ఒకరితో, రోజూ మధ్యాహ్నం ఇంకొకరితో కలిసి అన్నం తినాలి నేను. కాబట్టి పాతది, కొత్తది, అంతే.

పాతది 2022లో కొన్నాను. అప్పటికి మనలాంటివాళ్ళకి అందే ఈవీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హ్యుందాయ్ కోనా 2019 జూలైలో వచ్చింది, టాటా నెక్సాన్ ఈవీ, ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ రెండూ 2020 జనవరిలో వచ్చాయి, ఆ తర్వాత ఒకటీ అరా. ఇప్పుడు తలచుకుంటే ఆ కారు కొన్న రోజు ఎంత సంబరమో. ఆకుపచ్చ నంబర్ ప్లేటు చూసి సెల్లార్లో పిల్లలు ‘అంకుల్ ఇది బస్సా’ అని అడిగారు. ఏడాదిపాటు నిజంగానే ఏ గొడవా లేదు. నిజాంపేట నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి, రాత్రి గోడకి తగిలించడం, పొద్దున తీసుకోవడం. యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు వచ్చేది. పెట్రోల్ బంకు మొహం చూసి ఎన్నాళ్ళయిందో అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

తర్వాత మెల్లగా మొదలైంది.

మొదటి ఈవీ వాడేవాళ్ళ ఇబ్బంది ఏమిటంటే, పోల్చుకోవడానికి ఇంకోటి ఉండదు. పెట్రోల్ కారైతే చిన్నప్పటినుంచీ మామయ్యది, పక్కింటివాళ్ళది, పెళ్ళికి మాట్లాడిన ట్యాక్సీ, ఎన్నో ఎక్కి ఉంటాం. క్లచ్ గట్టిగా ఉంటే ‘ఈ కంపెనీ బళ్ళు ఇంతే’ అంటాం కానీ ‘పెట్రోల్ అంటే ఇంతే’ అనం. ఈవీ దగ్గరికొచ్చేసరికి మొదట ఏది ఇంటికొచ్చిందో అదే పాఠ్యపుస్తకం. ఉప్పునీళ్ళ బావి ఉన్న ఊళ్ళో పుట్టినవాడికి నీళ్ళంటేనే ఉప్పగా ఉంటాయి, వాడికి ఇంకో రుచి ఉంటుందని ఎవరు చెప్తారు?

ఉదాహరణకి ఆ పర్సెంట్ సంగతి. ఒక రాత్రి జేఎన్‌టీయూ దగ్గర 24 ఉంది, ఇంటికి నాలుగు కిలోమీటర్లు, సెల్లార్లోకి దిగేసరికి 9. గుండె జారిపోయింది. సర్వీసువాళ్ళని అడిగితే సమాధానం మీకు తెలుసు. నేను నెలరోజులు కూర్చుని చదివితే తెలిసింది ఇది. ఆ కారులో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ, అంటే లిథియం, ఇనుము, ఫాస్ఫేట్ రకం. మన్నుతుంది, వేడికి కాస్త తట్టుకుంటుంది, మన దేశంలో అమ్ముతున్న చాలా ఈవీల్లో ఉండేది అదే. దాని తిరకాసు ఏమిటంటే మధ్యలో వోల్టేజి దాదాపు కదలదు. వంటింట్లో గ్యాస్ బండ లాగా. నిండుగా ఉన్నా సగమున్నా మంట ఒకేలా వస్తుంది, అయిపోయే ముందే నీరసిస్తుంది. అందుకని మా అమ్మ బండ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకుని, ఇన్ని రోజులైంది కాబట్టి ఇంత మిగిలుంటుంది అని అంచనా వేస్తుంది. కారులో కంప్యూటర్ చేసేదీ అదే, ఎంత కరెంటు లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అని లెక్క రాసుకుంటూ ఉంటుంది. రోజూ 40 నుంచి 80 మధ్యనే తిప్పుతూ ఉంటే ఆ లెక్కలో చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. అప్పుడప్పుడూ 100 దాకా నింపితే కంప్యూటర్‌కి ‘ఇదీ నిండు’ అని తెలిసి లెక్క సర్దుకుంటుంది. నేనేమో యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని 80 దాటకుండా అపురూపంగా చూసుకున్నాను, ఆ జాగ్రత్త ఇంకో రకం బ్యాటరీకి చెప్పినది.

సరే, సగం తప్పు నాదే. కానీ అసలు విషయం వినండి. కొత్త కారులో ఉన్నదీ ఎల్‌ఎఫ్‌పీనే. అదే రసాయనం, అదే నేను, అదే నిజాంపేట రోడ్డు. ఇది మాత్రం చాలా రోజులు నిండుగా పెట్టకపోతే ‘ఈసారి 100 దాకా పెట్టండి’ అని తెర మీద తనే అడుగుతుంది. లెక్క తప్పినా ఒకటి రెండు పర్సెంట్, పదిహేను కాదు. అంటే అది ఈవీ గుణం కాదన్నమాట. ఆ ఒక్క వాక్యం తెర మీద వేయాలని ఒకరికి తట్టింది, ఇంకొకరికి తట్టలేదు.

ఇక 2025 సంక్రాంతి. తెనాలికి రైల్లో వెళ్ళాం (కారు ఉండగా రైలెందుకు వెళ్ళామో తర్వాత చెప్తాను). కారు తొమ్మిది రోజులు సెల్లార్లో ఉంది, వెళ్ళేటప్పుడు 70 పర్సెంట్. తిరిగొచ్చి తాళం నొక్కితే చలనం లేదు. దీపం వెలగదు, తలుపు రాదు. తాళం చెవి గుల్లలో దాచిపెట్టిన చిన్న ఇనుప చెవి ఉంటుంది, అది లాగి తలుపు తీస్తే లోపల శ్మశాన నిశ్శబ్దం. వాచ్‌మన్ వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చాలా మర్యాదగా, ‘ఛార్జింగ్ అయిపోయిందా సార్?’ అన్నాడు. లేదయ్యా, డెబ్భై ఉంది అన్నాను. ‘మరి?’

ఆ ‘మరి’కి జవాబు 12 వోల్టుల బ్యాటరీ. కింద అంత పెద్ద బ్యాటరీ ఉన్నా తలుపులు, దీపాలు, కంప్యూటర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్చి, ఇవన్నీ నడిచేది పెట్రోల్ కార్లలో ఉండేలాంటి మామూలు చిన్న బ్యాటరీ మీదే. అది పోతే పెద్దది గదిలో తాళం వేసిన బియ్యం బస్తా, ఉన్నా లేనట్టే. చివరికి 302లో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఆఫీసర్‌గారు తన పద్నాలుగేళ్ళ పెట్రోల్ కారు తెచ్చి పక్కన నిలిపి, డిక్కీలోంచి జంపర్ కేబుళ్ళు తీశారు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఆయన ఇంజను దడదడలాడింది, నాది ‘టింగ్’ అని లేచింది. డెబ్భై పర్సెంట్ కరెంటు ఉన్న కారుని పెట్రోల్ కారు లేపింది. ఆయన ఒక్క మాట ఎగతాళిగా అనలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది. వాచ్‌మన్ మాత్రం మర్నాడు నుంచీ నేను కనిపిస్తే ‘లేచిందా సార్’ అని పలకరించేవాడు.

బండి ఆగి ఉన్నప్పుడు కూడా పెద్ద బ్యాటరీ అప్పుడప్పుడూ చిన్నదానికి కాస్త పోస్తూ ఉండాలి. అదెందుకు పోయలేదో చూడమని సర్వీసుకి ఇస్తే పంతొమ్మిది రోజులు ఉంచుకున్నారు. హై వోల్టేజి పని తెలిసిన టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడట, అతను రెండు సెంటర్లకి తిరుగుతాడట, మన వంతు వచ్చిన రోజు అతనికి జ్వరమట. ఇవన్నీ నిజాలే అయుంటాయి, కౌంటర్లో కూర్చున్న కుర్రాడి మీద నాకు కోపం కూడా లేదు, అతనికి ఆ బండి గురించి నాకు తెలిసినంత కూడా ఎవరూ నేర్పలేదు. పంతొమ్మిదో రోజు బండి చేతికిచ్చి ‘12 వోల్టుల బ్యాటరీ కొత్తది వేశాం సార్’ అన్నారు. పాతది ఎందుకు పోయిందయ్యా అన్నాను. ఏమన్నాడో రాయక్కర్లేదు కదా. ఆ రోజు సర్వీస్ సెంటర్ గేటు దాటుతుండగానే అనుకున్నాను, ఇక చాలు అని.

అప్పటికీ వెంటనే మార్చలేదు. ఎనిమిది నెలలు షోరూములు తిరిగాను. మూడేళ్ళలో బజారు ఎంత మారిందో అప్పుడు తెలిసింది. 2024 నవంబర్లో మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ చూపించింది, 2025 జనవరిలో హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ వచ్చింది, అంతకుముందే టాటా కర్వ్, బీవైడీ బళ్ళు ఉన్నాయి, జూలైలో ముంబైలో టెస్లా షోరూమ్ తెరిచారు. మోడల్ వై అప్పట్లో అరవై లక్షలు, ‘అదే కొనెయ్’ అని బావ. 2024లో వచ్చిన ఎంజీ విండ్సర్‌కైతే బ్యాటరీ అద్దె పద్ధతి పెట్టారు, మొదట్లో కారు పది లక్షల లోపు, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయలు. ఇది నాన్నకి చెప్తే కాసేపు ఆలోచించి, ‘గేదెని కొనుక్కుని పొదుగు అద్దెకి తెచ్చుకున్నట్టుందిరా’ అన్నాడు. తక్కువ తిరిగేవాళ్ళకి అది లాభసాటి బేరమే, లెక్క వేస్తే తెలుస్తుంది, కానీ ఆ పొదుగు మాట విన్నాక నాకు ఆ లెక్క సీరియస్‌గా వేయబుద్ధి కాలేదు.

షోరూముల్లో ఈసారి నేను రేంజ్ ఎంత, అంటే ఒక్క ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది అని అడగలేదు. వాళ్ళు చెప్పే సర్టిఫికెట్ అంకె ఏసీ లేకుండా, ల్యాబులో రోలర్ల మీద, 90 కిలోమీటర్ల వేగం దాటకుండా తీసినది, దాన్ని 0.7 పెట్టి గుణిస్తే మన బతుకు వస్తుంది. నేను అడిగినవి వేరే. హై వోల్టేజి పని తెలిసినవాళ్ళు ఈ సెంటర్లో ఎంతమంది? బ్యాటరీలో ఒక మాడ్యూల్ పోతే ఇక్కడే విప్పుతారా, డబ్బా మొత్తం మార్చాలంటారా? పార్టు రావడం ఆలస్యమైతే వేరే కారు ఇస్తారా? అమ్మే కుర్రాళ్ళు చాలామంది సన్‌రూఫ్ తెరిచి చూపించారు. ఒక్కచోట మాత్రం కుర్రాడు ‘నాకు తెలియదు సార్, రండి’ అని వెనక వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, అక్కడ ఎర్ర గ్లవ్స్ వేసుకుని పనిచేస్తున్నతన్ని చూపించి ‘అన్నని అడగండి’ అన్నాడు. ఆ అన్న చెయ్యి తుడుచుకుని పావుగంట మాట్లాడాడు. కొత్తది అక్కడే కొన్నాను.

మార్చాక మొదటి ఇబ్బంది కాలుకి వచ్చింది. ఈవీలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారు జనరేటర్లా తిరగబడి బండిని వెనక్కి లాగుతుంది, ఆ శక్తి మళ్ళీ బ్యాటరీలోకి పోతుంది, రీజెన్ అంటారు. పాతదాంట్లో నేను దాన్ని ఎప్పుడూ ఫుల్‌లో పెట్టుకునేవాణ్ణి, బ్రేకు తొక్కే పనే ఉండేది కాదు. కొత్తది స్టార్ట్ చేసిన ప్రతిసారీ తక్కువలో మొదలవుతుంది. మొదటిరోజు మియాపూర్ సిగ్నల్ దగ్గర అలవాటుగా కాలు తీశాను, బండి ఆగదే! ముందు ఆటో వెనక రాసిన ‘అమ్మ దీవెన’ అక్షరాలు పెద్దవవుతున్నాయి, నాకు బ్రేకు అనేది ఒకటుందని గుర్తుకు రావడానికి ఒక క్షణం పట్టింది. ఆటోకీ నాకూ మధ్య జానెడు. మూడేళ్ళు నేర్చుకున్న కాలు మెదడు చెప్తే వెంటనే వినదు, రెండు వారాలు పట్టింది. లాభం ఏమిటంటే పాపకి వెనక సీట్లో వాంతులు తగ్గాయి. మూడేళ్ళూ దానికి కారు పడదు అనుకున్నాం, దానికి పడనిది నా కాలు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది సెల్లార్ గోడ మీది ఛార్జర్. పాత కంపెనీ పెట్టించిన పెట్టె. అసోసియేషన్ వాళ్ళ దగ్గర ఎన్‌వోసీకి నాలుగు నెలలు, సబ్ మీటరుకి రెండు నెలలు తిరిగి సాధించుకున్నది, మళ్ళీ ఆ మీటింగుల్లో కూర్చునే ఓపిక నాకు లేదు. కొత్త కారు తెచ్చిన రాత్రి పదకొండింటికి, ఎవరూ చూడకుండా, ఛార్జర్ తుపాకీ, అదే కారుకి తగిలించే కేబుల్ చివరి పిడి, తీసి పెట్టాను. ఒక సెకను, రెండు, మూడు... పచ్చ లైటు. అంత సులువా! ఇప్పుడు మన దగ్గర అమ్మే కార్లలో దాదాపు అన్నిటికీ ఇంట్లో టైప్ 2, బయట ఫాస్ట్ ఛార్జింగ్‌కి సీసీఎస్ 2, ఒకటే మూతి. మొదట్లో ట్యాక్సీలకి, గవర్నమెంటు ఆఫీసులకి ఇచ్చిన కొన్ని బళ్ళకి వేరే మూతులు ఉండేవి, ఆ గొడవ ఇప్పుడు లేదు. ఫోన్‌కి ఛార్జర్ మార్చినంత ఆలోచన కూడా అక్కర్లేదు. ఈ విషయం ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఏడాది ముందే మారేవాణ్ణి.

రైల్లో ఎందుకు వెళ్ళామో చెప్తానన్నాను కదా. పాత కారుతో తెనాలి రెండుసార్లు వెళ్ళాం. ఒక్క ఛార్జికి నిజంగా వచ్చేది రెండొందల కిలోమీటర్లు, మా ఇంటి నుంచి అమ్మవాళ్ళ ఇంటికి ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ చుట్టూ ఉన్న బయటి రింగు రోడ్డు) చుట్టుకుని మూడొందల యాభై దాకా ఉంటుంది. కాబట్టి నార్కట్‌పల్లిలో ఒకసారి, నందిగామలో ఒకసారి ఆగాలి. ఆగితే ఛార్జర్ దగ్గర ముందే ఒక ట్యాక్సీ ఉంటుంది. ఖాళీగా ఉంటే యాప్ పేమెంట్ తీసుకోదు. తీసుకుంటే మన పక్కన రెండో తుపాకీకి ఇంకో బండి వచ్చి తగిలించుకుంటుంది, ఛార్జర్ ఇచ్చే 60 కిలోవాట్లు చెరిసగం అయిపోతుంది. ప్రతి ఛార్జింగ్ కంపెనీకీ ఒక యాప్, ప్రతి యాప్‌లో ఒక వాలెట్. ఇప్పటికీ ఐదు యాప్‌లలో నా డబ్బులు నూరూ, నూట యాభై చొప్పున చిట్టీ కట్టినట్టు మూలుగుతున్నాయి. ఇందులో చాలాభాగం కారు తప్పు కాదు, అదీ ఒప్పుకోవాలి. కానీ కారులో రెండొందలే ఉంటే ఆ బాధలన్నీ మీవి, మూడొందల ఎనభై ఉంటే సగం పక్కవాళ్ళవి.

దసరా వెళ్ళాక, మా దగ్గర కొన్నాళ్ళున్న అమ్మని తిరిగి దింపడానికి కొత్త కారులో బయల్దేరాం. నా ప్లాన్ ఏమిటంటే ఎక్కడా ఆగకుండా తెనాలి. మల్లంపేటలో రింగు రోడ్డెక్కి, 120 దాకా పోనిస్తారు కదా అని ఆశపడకుండా 90లోనే పోనిచ్చాను. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం దాని వర్గంతో పెరుగుతుంది, 120లో పోతే పర్సెంట్లు నీళ్ళలా కారిపోతాయి. పెద్ద అంబర్‌పేటలో దిగి విజయవాడ రోడ్డు పట్టాం. చౌటుప్పల్ దాటాక అమ్మతో అన్నాను, ‘చూశావా, ఈసారి ఎక్కడా ఆగక్కర్లేదు, నేరుగా ఇంటికే.’ అమ్మ వెనకనుంచి, ‘నీ కారు ఆగక్కర్లేదు సరేరా, నేను ఆగద్దా? షుగరు మనిషిని.’

సూర్యాపేటలో ఆగాం. ఎలాగూ ఆగాం కదా అని 49లో తగిలిస్తే ఇడ్లీ, టీ అయ్యి, అమ్మ ఆ హోటలాయనది మాచర్ల అని తెలుసుకుని, వాళ్ళ మేనత్త మనకి చుట్టరికమేమో అని తేల్చుకునేసరికి 83. తెనాలిలో దిగినప్పుడు 40 ఉంది. కాబట్టి నేను ఆగకుండా వెళ్ళగలిగే కారు కొని, ఆగే వెళ్ళాను. తేడా ఎక్కడంటే, పాతదానితో నేను ఇడ్లీ తింటూ యాప్ చూసేవాణ్ణి, ఈసారి చట్నీ చూశాను.

తెనాలి ఇంటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేను పాత కంపెనీని అన్యాయంగా తిట్టాను. రెండుసార్లు వెళ్ళినప్పుడూ ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్‌కి పెడితే ఛార్జర్ మీద ఎర్ర లైటు కొట్టుకునేది. ఇదొక దరిద్రపు ఛార్జర్ అనుకున్నాను, సర్వీసువాళ్ళు ‘ఈవీ కదా సార్’ అన్నారు, సరే అనుకున్నాను. ఈసారి కొత్త కారు, కొత్త ఛార్జర్, అదే ఎర్ర లైటు! నాన్న వీధి చివర ఎలక్ట్రీషియన్ని పిలిచాడు. అతను టెస్టర్ పెట్టి చూసి నవ్వాడు, ‘ఎర్తింగ్ ఎక్కడుందండీ మీ ఇంట్లో? మూడో కన్నం అలంకారానికి ఉంది.’ నలభై ఏళ్ళ ఇల్లు. కొబ్బరిచెట్టు పక్కన గొయ్యి తీసి, పైపు దింపి, చుట్టూ ఉప్పు ఒక వరస, బొగ్గు ఒక వరస పోసి, నాలుగు బిందెలు నీళ్ళు పోయించాడు. సాయంత్రానికి పచ్చ లైటు. పోయేముందు నాన్నతో, ‘ఇన్నాళ్ళూ మీ గీజరు మిమ్మల్ని కొట్టకపోవడం మీ అదృష్టం’ అన్నాడు. అంటే ఎర్ర లైటుతో ఆ దరిద్రపు ఛార్జర్ మూడేళ్ళుగా మా ఇంటి ప్రాణాలే కాపాడుతోంది.

కొత్తదంతా బంగారం అనుకోకండి. ఏసీ గాలి ఇటు తిప్పాలంటే తెర మీద మూడు నొక్కులు నొక్కాలి. కూకట్‌పల్లిలో లేన్ తప్పుతున్నావని స్టీరింగ్ లాగుతుంది, కూకట్‌పల్లిలో లేన్ ఎక్కడుందో అదెలా కనిపెట్టిందో నాకు తెలియదు. రోజూ బండెక్కగానే ఆ హెచ్చరికలన్నీ ఆపడం సంధ్యావందనంలాగా ఒక క్రతువు అయిపోయింది. పాతదాంట్లో బొత్తాలు ఉండేవి, చెయ్యి చూడకుండానే వెళ్ళేది, అవి మాత్రం నిజంగా గుర్తొస్తాయి.

పాతది అమ్మడం కూడా ఒక కథే. పాత కార్ల కంపెనీలు ఇచ్చిన ధరలు వింటే ఏడుపొచ్చింది, ఒకాయన బ్యాటరీ వైపు చూడనైనా చూడకుండా టైర్లు తన్ని ధర చెప్పాడు. చివరికి ఖమ్మం నుంచి ఒక లెక్కల లెక్చరర్‌గారు వచ్చారు. రోజుకి కాలేజీకి రానూపోనూ అరవై కిలోమీటర్లు, ఇంటి ముందు చావడి, సొంత మీటరు. నోటు పుస్తకం తెచ్చుకున్నారు. ‘ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నది తర్వాత, ముందు వంద నుంచి ఇరవై దాకా నడుపుదాం, ఎన్ని వస్తాయో రాసుకుంటాను’ అన్నారు. ఇద్దరం కలిసి రింగు రోడ్డు మొత్తం, 158 కిలోమీటర్లు, ఒక చుట్టు తిరిగాం. ఆయన పదేసి పర్సెంట్లకి ఒక గీత గీసుకున్నారు. నేను 12 వోల్టుల సంగతి, పంతొమ్మిది రోజుల సంగతి, పర్సెంట్ జారే సంగతి అన్నీ దాచకుండా చెప్పాను. విని, ‘అరవై కిలోమీటర్లకి రెండొందల బండి, మిగిలినవి రిమైండర్’ అన్నారు. బ్యాటరీ వారంటీ 8 ఏళ్ళో, లక్షా అరవై వేల కిలోమీటర్లో ఏది ముందైతే అది, చేతులు మారినా వస్తుందని కాగితం చూపించాక అడ్వాన్సు ఇచ్చారు. నాకు తేడా చేసిన బండి ఆయనకి చక్కగా సరిపోతుందని నాకప్పుడే అనిపించింది, చెప్పలేదు, బేరం మధ్యలో కదా.

పాత కారు ఓనర్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇంకా ఉన్నాను. మూడేళ్ళలో కంపెనీ చేయని సాయం ఆ గ్రూపు చేసింది, రాత్రి పన్నెండింటికి ఛార్జింగ్ ఆగిపోతే ఏ ఫ్యూజు చూడాలో ఫోన్లో చెప్పినవాళ్ళున్నారు. కొత్త కారు ఫోటో పెట్టినప్పుడు ‘ద్రోహి’ అని నాలుగు నవ్వు బొమ్మలు పడ్డాయి కానీ ఎవరూ తీసేయలేదు. బయటికి రావాలంటే నాకూ మనసొప్పలేదు.

దీపావళి వెళ్ళిన వారానికి లెక్చరర్‌గారు ఫోన్ చేశారు. ‘అంతా బాగుందండీ, కాకపోతే నిన్న 38లో ఆపాను, పొద్దున 30 ఉంది. సర్వీసుకి ఫోన్ చేశాను, ఈవీ కదా సార్ అంటున్నారు.’ నవ్వాపుకోలేకపోయాను, ఆయనకి అర్థం కాలేదు. ఈ వారం రెండుసార్లు 100 దాకా నింపండి, తర్వాత వారానికోసారి అలాగే నింపండి, 12 వోల్టుల బ్యాటరీ వోల్టేజి ఎలక్ట్రీషియన్‌తో చూపించి ఆ నోటు పుస్తకంలో రాసుకోండి అని చెప్పాను. రాత్రికి ఆయన్ని గ్రూపులో చేర్పించి నేను బయటికొచ్చాను. ఐదు నిమిషాలకి అడ్మిన్ నుంచి విడిగా మెసేజ్: ‘అన్నా, నీ బదులు వచ్చినాయన అప్పుడే పదకొండు ప్రశ్నలు పెట్టాడు, నంబర్లు వేసి మరీ.’